మోకాలు అతుక్కుంది, మనిషి లేవట్లేదు

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 23 ఏళ్లు. పర్లాకిమిడి వీధుల్లో చెడుగుడు ఆడుకున్న కుర్రాడు ప్రో కబడ్డీ దాకా వెళ్లి రెండు సీజన్లు రైడరుగా, అంటే కూతకు వెళ్లేవాడిగా ఉన్నాడు. నిరుడు ప్రాక్టీసులో మోకాలిని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది, ఆపరేషన్ అయింది. తర్వాత వచ్చిన ఆటగాళ్ల వేలంలో ఏ జట్టూ కొనలేదు. ఇప్పటికి పది నెలలు. పగలు పడుకుంటాడు, రాత్రి ఫోను చూస్తాడు, సగం కంచం వదిలేస్తాడు, స్నేహితులొస్తే లేడని చెప్పమంటాడు. ఎముకల డాక్టరు మోకాలు బాగుందని రాసిచ్చారు. అమ్మగారేమో ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారంటున్నారు, నాన్నగారేమో ఒళ్లొంగక అంటున్నారు. ఇంతా రాసి చివర మీరడిగింది ఒక్కటే: "వీడు మళ్లీ ఎప్పటికి ఆడతాడు?"

ముందు ఆ ప్రశ్నను ఇంట్లోంచి తీసెయ్యండి. మీరు ప్రేమతోనే అడిగారు, నాకు తెలుసు. కానీ ఆ గదిలో పడుకున్న కుర్రాడు పొద్దున లేస్తే తనను తాను అడుక్కునేదీ అదే, జవాబు లేక మళ్లీ దుప్పటి కప్పుకునేదీ అందుకే. ఇంట్లో నలుగురూ దాన్నే పట్టుకుంటే వాడికి ఊపిరాడే చోటు మిగలదు.

నేను డాక్టర్ని కాదు. నాది ఒడిశాలోని బరంపురం. పట్టు నేసేవాళ్ల వీధిలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, క్యాంపుల్లో హిందీ. మా ఊళ్లో అఖాడాలకు, అంటే కసరత్తు శాలలకు కొదవలేదు, పదమూడేళ్లప్పుడు మా మావయ్య నన్ను ఒక దాంట్లో పడేశాడు. 69 కిలోల తరగతిలో బరువులెత్తాను, ఆ బరువులే నాకు రైల్వేలో ఉద్యోగం ఇచ్చాయి. ఇప్పుడు ఉదయం సాయంత్రం పిల్లలకు నేర్పుతున్నాను. ఈ మధ్యకాలంలో ఇరవై మందికి పైగా ఆటగాళ్లను మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. అంతకంటే ముందు రెండేళ్లు నేనే లోపల కూర్చున్నాను. ఇంతే నా అర్హత.

నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయటికి కనిపించేది వేరు, లోపల జరిగేది వేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో నా తరగతిలోనే, 69 కిలోల్లో, మా ఊరి కె. రవికుమార్ బంగారు పతకం గెలిచాడు. ఊరంతా టపాకాయలు. నేనూ కాల్చాను. కాల్చి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. అసూయ కాబోలు అనుకుని సిగ్గుపడ్డాను. అసూయ అయితే నాలుగు రోజుల్లో పోయేది. అది పోలేదు. మరుసటి ఏడాది ఒక ట్రయల్స్‌లో స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపున తలపైకి ఎత్తే దాంట్లో, మూడుకు మూడు ప్రయత్నాలూ ఎర్రలైట్లే, చెల్లలేదు. రోజూ పొద్దున్నే ఎత్తే బరువు అది. ఆ తర్వాత బరువుల బార్ మీద చెయ్యి వేస్తే అరచేతులు చల్లబడేవి, గుండె చెవుల్లో కొట్టుకునేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, తెల్లారేదాకా ఆ మూడు ప్రయత్నాలూ మళ్లీ మళ్లీ ఎత్తుతూ ఉండేవాణ్ణి. అప్పటి కోచ్ ఒకాయన, పేరెందుకు గానీ, "పెళ్లయ్యాక మెత్తబడ్డావురా" అన్నాడు. నేను నమ్మాను కూడా. ఇంటిదాన్ని విసుక్కోవడం మొదలుపెట్టాను.

చివరికి రైల్వే ఆసుపత్రికి వెళ్లింది నడుం నొప్పి అని. ఇది గుర్తుపెట్టుకోండి, ఆటగాడు మనసు బాగోలేదని రాడు. నడుం నొప్పి, ఒళ్లు బరువు, నిద్ర పట్టట్లేదు, కడుపులో మంట అని వస్తాడు. ఆ డాక్టరమ్మ నడుం చూసింది, కాగితం మీద ఏదో రాస్తూ తల ఎత్తకుండానే, "నిద్ర ఎలా ఉంది బాబూ?" అంది. నేను జవాబు చెప్పలేదు. ఏడ్చాను. రెండు లిఫ్టులూ కలిపి మూడొందల కిలోల టోటల్ కోసం కొట్టుకునే మనిషిని, బయట క్యూ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి ఏడ్చాను.

కాబట్టి నాన్నగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. బద్ధకస్తుడు ఎనిమిదేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడు. హాస్టల్ చపాతీలు తిని, మోచేతులు గీరుకుపోయి, పండక్కి ఇంటికి రాకుండా ఉండడు. ఎనిమిదేళ్లు లేచినవాడు ఇప్పుడు లేవట్లేదంటే అది గుణం మారడం కాదు, ఏదో చెడింది. మోకాలిలో లిగమెంటు తెగితే ఎమ్మారైలో కనబడింది, అందరూ నమ్మారు. దీనికి ఫిల్ము రాదు, అంతే తేడా. ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది. ఆందోళన, కుంగుబాటు లక్షణాలు ప్రస్తుతం పైస్థాయిలో ఆడుతున్నవారిలో 34 శాతం మందికి, ఆట మానేసినవారిలో 26 శాతం మందికి ఉన్నాయని తేలింది. లక్షణాలున్న ప్రతివాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. కానీ ముగ్గురిలో ఒకడంటే, ఒక కబడ్డీ జట్టు మ్యాట్ మీద నిలబడ్డ ఏడుగురిలో ఇద్దరు. మీవాడు వింతేం కాదు.

మరి ఎందుకొస్తుంది? మీవాడి విషయంలో నాకు కనిపించేవి చెబుతాను. పదిహేనేళ్లకే ఇల్లు వదిలాడు. అప్పట్నుంచి వాడెవరంటే రైడరు. బంధువులకు రైడరు, బ్యాంకువాడికి రైడరు, ఆఖరికి అద్దంలో కూడా రైడరే. మోకాలితో పాటు ఆ పేరూ పోయింది. రెండోది, పొద్దున ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో ఎనిమిదేళ్లు ఎవరో చెప్పారు. ఇప్పుడు రోజంతా ఖాళీ, ఖాళీగా ఉండడం ఎవరూ నేర్పలేదు. మూడోది డబ్బు. ఒప్పందం డబ్బుతో ఇంటి మీద అంతస్తు వేశామని మీరు రాశారు. ఆ అంతస్తు కింద పడుకుని, దాని వాయిదాలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకోటి, వేలం. మనుషులకు ధర కట్టి, కొననివాళ్లను పక్కన పెట్టే తంతు అది. తన మొహం, తన పేరు, పక్కన "అమ్ముడుపోలేదు" అన్న మాట, అదీ ఫోనులో అందరూ చూసేలా. పశువుల సంతలో కూడా అమ్ముడుపోని ఎద్దును రైతు ఇంటికి తోలుకెళ్లి కుడితి పెడతాడు.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. కబడ్డీలో బరువు పరిమితి ఉంది, పెద్దల విభాగంలో మగవాళ్లకు 85 కిలోలు. మా వెయిట్‌లిఫ్టింగ్‌లో అయితే గ్రాములతో సహా లెక్క. బరువు దించడానికి తిండి మానడం, నీళ్లు మానడం, ఎండలో స్వెటరు వేసుకుని పరిగెత్తడం మాకు కొత్తేం కాదు. ఒళ్లు ఖర్చుపెట్టేంత తిండి నెలల తరబడి అందకపోతే నిద్ర, హార్మోన్లు, మనసు కలిసే చెడతాయి. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోతుంది, హాస్టళ్లలో దాన్ని "బాగా ట్రైనింగ్ చేస్తోంది" అని మురిసిపోయేవాళ్లను చూశాను. అందుకే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లినా రక్తపరీక్షలు కూడా చేయించమంటాను. థైరాయిడ్, రక్తం, విటమిన్లు. కొన్నిసార్లు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక మీ చుట్టాలు వాడికి చెబుతున్న కథల సంగతి. మీ బావగారు రోజూ కబడ్డీ రైడరు పవన్ సెహ్రావత్ వీడియోలు పంపుతున్నారని రాశారు. పవన్ కథ నిజమే. 2022 సీజన్‌కు 2.26 కోట్లు పెట్టి కొన్నారు, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, సీజన్ మొత్తం పోయింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టింది. గొప్ప విషయం. కానీ మంచం మీదున్న కుర్రాడికి అది ఎలా వినబడుతుందో తెలుసా? "వాడు లేచాడు, నువ్వు లేవలేదు" అని. గాయపడ్డ రోజుకే పవన్ భారత జట్టుకు ఆడిన మనిషి. పక్కన డబ్బు, వైద్యం, ఎదురుచూసే జట్టు అన్నీ ఉన్నాయి. మీవాడికి మీ ఊరి మీదుగా పోయే గుణుపూర్ రైలు, మీరు ఉన్నారు. ఈ పోలిక ఆపించండి.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కథా అలాగే చెబుతారు. 2012 తర్వాత బతకాలని లేదనుకునేంత దిగజారాడు, 2014లో చికిత్స తీసుకున్నాడు, 2016 రియోలో అయిదు స్వర్ణాలు. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021 టోక్యోలో గాలిలో తన ఒళ్లు ఎటు తిరుగుతోందో తనకే తెలియక జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు. ఇవి విన్నవాడికి అర్థమయ్యేది, బాగవడమంటే పతకం తేవడమని. తేలేకపోతే బాగవనట్టేనా?

నేను పిల్లలకు చెప్పేది మార్కస్ ట్రెస్కోథిక్ సంగతి. ఇంగ్లండ్ ఓపెనరు. 2006లో మన దేశానికి టూరుకొచ్చి మధ్యలో ఇంటికెళ్లిపోయాడు. అడిగితే వైరస్ సోకిందన్నాడు. మన కుర్రాళ్లు "జ్వరం" అన్నట్టే. అదే ఏడాది ఆస్ట్రేలియా వెళ్లి మళ్లీ తిరిగొచ్చేశాడు. తర్వాత కుంగుబాటు గురించి బయటపెట్టాడు. 2008లో అంతర్జాతీయ క్రికెట్ వదిలేశాడు, ఇంగ్లండ్‌కు మళ్లీ ఆడలేదు. కానీ సొంత కౌంటీ సోమర్‌సెట్‌కు 2019 దాకా, నలభై దాటాక కూడా, బ్యాటు పట్టుకున్నాడు. ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండలేనని తెలుసుకుని, ఇంటి దగ్గర ఆడగలిగినంత ఆడాడు. ఇది కూడా కోలుకోవడమే. నా దృష్టిలో పెద్ద కోలుకోవడం.

గెలిచినవాడికి రాదనీ అనుకోకండి. షూటర్ అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచాకే తనను శూన్యం ఆవరించిందని ఎన్నోసార్లు చెప్పాడు. విరాట్ కోహ్లీ 2014 ఇంగ్లండ్ టూరులో పది ఇన్నింగ్స్‌లలో 134 పరుగులు చేశాడు. ప్రపంచం అంతమైపోయినట్టు అనిపించిందనీ, ఎవరికి ఎలా చెప్పుకోవాలో తెలియలేదనీ అయిదేళ్ల తర్వాత, ఆస్ట్రేలియా ఆటగాడు గ్లెన్ మాక్స్‌వెల్ మనసు బాగోక విరామం తీసుకున్నప్పుడు గానీ చెప్పలేదు. అంత మనిషికే అయిదేళ్లు పట్టింది. మీ తమ్ముడు పది నెలల్లో నోరు విప్పలేదని కోప్పడకండి.

మా ఆటలో మీరాబాయి చాను. 2016 రియోలో ఆరు ప్రయత్నాల్లో ఒక్కటే సరైంది, రెండు దశల్లో తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడూ పోయాయి. నేను టీవీ ముందు కూర్చుని చూడలేక లేచి పంపు దగ్గరకు వెళ్లి మొహం కడుక్కున్నాను. నా మూడు ఎర్రలైట్లు నాకు గుర్తొచ్చాయి. ఆమె క్రీడా మనస్తత్వ నిపుణుల సాయం తీసుకుంది. 2017లో ప్రపంచ ఛాంపియన్ అయింది, టోక్యోలో 202 కిలోలతో రజతం. ఇది పతకం కథే గదా అంటారేమో. పతకం కోసం చెప్పట్లేదు, ఆరోజు ఆమె మోకాలికో భుజానికో ఏమీ కాలేదని చెబుతున్నాను. ఒళ్లు మొత్తం సరిగ్గా ఉండి కూడా బరువు లేవకపోవచ్చు.

సరే, ఇప్పుడు మీరు చెయ్యాల్సినవి.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న వాణ్ణి సూటిగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరూ భయపడతారు. పుట్టదు. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. అవునన్నా, మౌనంగా ఉండిపోయినా, వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలంటున్నా వాణ్ణి ఒంటరిగా వదలకండి. పొలం మందులు, ఆపరేషన్ తర్వాత మిగిలిన మాత్రలు ఇంట్లోంచి పంపించెయ్యండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, కదలకపోతే 108కి ఫోను చెయ్యండి. పగలైనా రాత్రైనా 14416 ఉంది, టెలి మానస్. 2022లో కేంద్రం పెట్టింది, డబ్బు తీసుకోరు, ఒడియాతో పాటు తెలుగులోనూ మాట్లాడతారు. వాడు చెయ్యకపోతే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు.

అంత ప్రమాదం కనబడకపోతే, వారం లోపు మానసిక వైద్యుణ్ణి చూపించండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మీ జిల్లా ఆసుపత్రిలో ఏయే రోజుల్లో చూస్తారో కనుక్కోండి. పెద్ద ఆసుపత్రే కావాలంటే మా బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, అటువైపు శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఇందులో ఏది అన్నది దూరం చూసి కాదు, భాష చూసి తేల్చుకోండి. ఇది నా సొంత అభిప్రాయం, గట్టి అభిప్రాయం. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు పిల్లలు మూడు భాషల్లో గలగలా మాట్లాడతారు, కానీ బాధ ఒక్క భాషలోనే చెప్పగలరు. నేను క్యాంపులో హిందీలో "టెన్షన్ హై సార్" అని మూడు నెలలు తిరిగాను. తెలుగు తెలిసిన డాక్టరమ్మ నిద్ర గురించి అడిగిన రోజున కట్ట తెగింది. మీవాడు కలలో ఏ భాష మాట్లాడతాడో అందులో మాట్లాడే డాక్టరు కావాలి. బరంపురంలో తెలుగు వచ్చిన డాక్టర్లు దొరుకుతారు, ముందే అడిగి వెళ్లండి.

డాక్టరు గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నల కాగితం ఇవ్వొచ్చు. పనుల మీద ఆసక్తి, నిద్ర, ఆకలి, తనమీద తనకు అసహ్యం, అలాంటివి. దానికి 27 మార్కులు, పది గానీ అంతకు మించి గానీ వస్తే తీసిపారెయ్యకూడదు. ఆటగాళ్ల కోసం ఒలింపిక్ కమిటీ ప్రత్యేకంగా తయారుచేయించిన ప్రశ్నల పట్టిక కూడా ఉంది, పదహారేళ్లు దాటినవాళ్లకు. అది మన ఊళ్లలో అందరి దగ్గరా ఉండదు, లేకపోయినా నష్టం లేదు. డాక్టరుకు ఒక్క మాట చెప్పండి చాలు, వీడు ఆటగాడు, కోపం వచ్చినా, వద్దన్నా గంటల తరబడి కసరత్తు చేసినా అదీ ఈ జబ్బు ముఖమే కావొచ్చని. ఏడుపే కనబడాలని లేదు.

మందుల గురించి మీరు అడగలేదు, కానీ మీవాడు అడుగుతాడు: "డోప్‌లో పట్టుబడతానా?" నా దగ్గరకొచ్చే ప్రతివాడి మొదటి భయం ఇదే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటి మామూలు కుంగుబాటు మందులు నిషేధిత జాబితాలో లేవు. గుండెదడ తగ్గడానికి రాసే ప్రొప్రనొలాల్ షూటింగ్, విలువిద్య వాళ్లకు నిషిద్ధం, కబడ్డీకి ఆ పట్టింపు లేదు. ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ పోటీల సమయంలో నిషిద్ధం, వాడాల్సి వస్తే ముందుగా అనుమతి తీసుకోవాలి. అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రామడాల్ రాసుంటారు. అది 2024 జనవరి నుంచి పోటీల్లో నిషిద్ధం. అంతకంటే ముఖ్యం, అలవాటుపడే మందు. నొప్పి తగ్గాక కూడా రాత్రి నిద్రకని వేసుకుంటున్నాడేమో చూడండి. వేసుకుంటుంటే తిట్టకండి, ఒక్కసారిగా లాక్కోకండి, డాక్టరుకు చెప్పండి. అలాగే ఎప్పుడైనా లిథియం రాస్తే, చెమట పట్టించి బరువు దించే పని పూర్తిగా బంద్. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో విషమంత పెరుగుతుంది.

కుంగుబాటు మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పారాసిటమాల్ కాదు, రాత్రి వేసుకుని పొద్దున చూసుకోవడానికి. మొదటి వారాల్లో కడుపు తిప్పడం, తలనొప్పి ఉండొచ్చు. మీవాడి వయసు పాతిక లోపు కాబట్టి మొదటి నెల బాగా కనిపెట్టుకుని ఉండండి. ఈ వయసులో కొందరికి మొదట్లో అలజడి, చావు ఆలోచనలు పెరగొచ్చు, అలా అయితే వెంటనే డాక్టరుకు ఫోను. బాగుందనిపించగానే మానెయ్యడం ఇంకో పొరపాటు. నేను చేశాను. అయిదో నెలలో "ఇంక చాలు" అని మానేస్తే మూడు వారాల్లో మళ్లీ గోడవైపు తిరిగాను.

మాత్రలొక్కటే చాలవు, మాట్లాడే చికిత్స కూడా కావాలి. నాకు నేర్పింది చాలా చిన్న విషయం. మూడు ఎర్రలైట్లూ కళ్ల ముందుకొచ్చినప్పుడు వాటితో వాదించకుండా, ఉత్తరానికి తేదీ వేసినట్టు "ఇది 2011 సంగతి" అని పక్కన పెట్టడం. విన్నప్పుడు నవ్వొచ్చింది. ఆర్నెల్లు చేశాక నవ్వు రాలేదు. తర్వాత బార్ దగ్గరకు పంపారు. ఖాళీ బార్, 20 కిలోలు, ఆరు వారాలు, ఒక్క ప్లేటు కూడా వెయ్యకుండా. అఖాడాలో పన్నెండేళ్ల పిల్లలు నాకంటే ఎక్కువ ఎత్తుతున్నారు. సిగ్గేసింది. ఫిజియో మోకాలికి చేసేదీ ఇదే కదా, తెగిన లిగమెంటుకు మొదటిరోజే వంద కిలోలు వెయ్యరు.

మోకాలి మాటొచ్చింది కాబట్టి, ఎముకల డాక్టరు "బాగుంది" అన్నది లిగమెంటు గురించి. ఈ ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు కాకుండా ఆటలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. తొమ్మిది నెలలు దాటాక కూడా, కాలు సిద్ధంగా ఉండి మనసు సిద్ధంగా లేనివాళ్లు చాలామంది. దాన్ని కొలవడానికే పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి ఫిజియోల దగ్గర ఉంటుంది. రైడరుకు ఇది మరీ కష్టం. కూతకు వెళ్లినవాడు ఏడుగురి మధ్య ఒక్కడే, వాళ్ల చూపంతా ఆ కాలి మీదే. ఆ మోకాలిని మళ్లీ వాళ్ల చేతుల్లో పెట్టడానికి భయపడడం పిరికితనం కాదు, మెదడు సరిగ్గా పనిచెయ్యడం.

అమ్మగారితో చిల్లంగి గురించి గొడవ పెట్టుకోకండి. నేనూ మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు ఘటం వెనక నడిచేవాణ్ణే. తాయెత్తు కట్టనివ్వండి, మొక్కు మొక్కనివ్వండి. రెండే షరతులు: మాత్రలు మాన్పించకూడదు, పొగలు పెట్టడం, పస్తులుంచడం, కొట్టడం చేసే మనిషి గడప తొక్కకూడదు. అమ్మ మంచం పక్కన కూర్చుని తల నిమిరితే మంచిదే, ఏ పేరుతో నిమిరినా.

ఇంట్లో మాటలు కొన్ని మార్చండి. "ఎప్పుడు ఆడతావు", "ఎందుకిలా అయిపోయావు", "అందరూ అడుగుతున్నారు", ఈ మూడూ వద్దు. "బజారుకెళ్తున్నా, సంచీ పట్టుకో రా" అనండి. వాడు నిమిషం నడిచినా నడకే. మహేంద్రతనయ ఏటి ఒడ్డున సాయంత్రం ఎండలో ఓ అరగంట తిప్పండి. నిద్ర వేళ ఒకటి పెట్టి, రాత్రి పదికి ఫోను నాన్నగారి దిండు కిందకు పంపించండి, నాన్నగారి ఫోనూ అక్కడే పెట్టాలి, లేకపోతే వినడు. కబడ్డీ మ్యాచ్‌లు చూడమని గానీ చూడొద్దని గానీ అనకండి. అంతస్తు వాయిదాల కాగితాలు వాడి దగ్గర్నుంచి తీసుకుని మీరు, నాన్నగారు కూర్చుని ఒక లెక్క తేల్చండి. తేలిన లెక్క ఎంత చెడ్డదైనా తేలని లెక్కంత కాదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల సంగతి ఇప్పుడే ఎత్తకండి, నిద్ర కుదిరాక, రెండు మూడు నెలల తర్వాత.

మీ వీధి మొదట్లో వాడి ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోందని రాశారు, "మన ఊరి ముద్దుబిడ్డ" అని, ఎండకు మొహం వెలిసిపోయి. బయటికి రాకపోవడానికి సగం కారణం అదే కావచ్చు. గడప దాటితే ముందు తననే తాను దాటాలి. వాడికి చెప్పకుండా, ఊరికి చెప్పకుండా, ఓ రాత్రి విప్పించెయ్యండి. కట్టినవాళ్లు అడిగితే గాలికి పోయిందనండి.

బాగవుతున్నాడని ఎలా తెలుస్తుందంటారా? నాకైతే తెలియనే లేదు. మందు మొదలెట్టిన ఆరో వారంలో ఒక మధ్యాహ్నం చద్దన్నం తింటూ ఇంకో ఉల్లిపాయ అడిగానట. మా ఆవిడ వంటింట్లోకెళ్లి కళ్లు తుడుచుకుని ఉల్లిపాయ తెచ్చిందట. ఎనిమిది నెలల్లో నేను అడిగిన మొదటి వస్తువు అది. చాలా కాలం తర్వాత చెప్పింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు రైల్వే పోటీల్లో మూడో స్థానం వచ్చింది, ఆ సర్టిఫికెట్ ఇప్పుడెక్కడుందో వెతకాలి.

డాక్టరు దగ్గరకెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలు అన్నీ పట్టుకెళ్లండి. మొదటి పది నిమిషాలు మీరు లోపల ఉండండి, తర్వాత బయటికొచ్చెయ్యండి. వాడు లోపల ఏం చెప్పాడో దారిలో అడగొద్దు. బరంపురమే వస్తే ముందురోజు ఇక్కడే రాయండి, స్టేషనుకు వస్తాను. వాడితో కబడ్డీ మాట్లాడను, టిఫినుకు తీసుకెళ్తాను. ఈ వారంలో వాడు ఏం తిన్నాడో, ఎన్నింటికి పడుకున్నాడో నాకు రాయండి. మోకాలి సంగతి తర్వాత చూద్దాం.